అరవై ఒకటి

గ్రిమ్స్‌బీలో మే నెల గాలికి
చేపల ఫ్యాక్టరీ వాసన ఉంటుంది.
ఆ గాలిలోనే, కంచెకి అవతల నిలబడి
హెడ్లీ టాస్కర్ అడిగాడు: "వేస్తావు కదా?"
"మీకు కాక ఇంకెవరికి" అన్నాను.
నిజంగానే అన్నాను. అప్పటికి పొద్దున్న ఏడున్నర.

ఆయనకి పార్టీ లేదు, జెండా లేదు.
రాత్రి పదకొండు దాటాక తొమ్మిదో నంబరు బస్సు మళ్ళీ నడవాలి,
అంతే ఆయన మేనిఫెస్టో.
ఆ బస్సు ఆగిపోయిన నవంబరు నుంచి
కేర్ హోమ్ డ్యూటీ దిగి, వానలో, మంచులో
నేను నడిచిన రెండున్నర మైళ్ళూ
ఆయన కరపత్రంలో ఉన్నాయి,
నా పేరొక్కటే లేదు.

మధ్యాహ్నం మస్తాన్‌వలి ఫోను.
నరసరావుపేటలో బూత్ ఏజెంటు కొడుకు,
లెక్క చెప్పడం మొదలెడితే ఆపడు.
"అక్కా, ఆ ముసలాయనకి వేస్తే బూడిదలో పోసిన పన్నీరే.
మూడోవాడికి పోయిన ప్రతి ఓటూ
రెండోవాడి జేబులోంచి పోయినట్టు,
మొదటివాడు చేతులు ముడుచుకుని గెలుస్తాడు.
నచ్చినవాడికి వేసే రోజులు కావివి.
నచ్చనివాడి మీద వెయ్యాలి."
నచ్చనివాడెవరో నాకు తెలుసు.
మా తలుపు కొట్టి, జాబితాలో నా పేరు చదవబోయి
సగంలో మానేసి నవ్వినవాడు.

మెథడిస్టు చర్చి హాల్లో, ప్లైవుడ్ గూటిలో
దారం కట్టిన పెన్సిలు.
అక్షరక్రమంలో టాస్కర్ అట్టడుగున ఉన్నాడు.
దారం పొట్టిది, అంతదాకా రాలేదని
చెప్పుకోవచ్చు గానీ, వచ్చింది.
అక్కడ కాసేపు ఆగి
మళ్ళీ పైకి వెళ్ళింది.
ఇక్కడ వేలికి సిరా పూయరు.
బయటికొచ్చాక వేలు చూసుకున్నాను, పాత అలవాటు.

రాత్రి పది నుంచి ఓట్లు లెక్కించే మనుషుల్లో నేనొకదాన్ని.
బ్యాడ్మింటన్ కోర్టులో వరసగా బల్లలు,
బొటనవేలికి రబ్బరు తొడుగు,
ఇరవై ఐదుకో కట్ట.
ఎవరో గుర్తు పక్కన చేప బొమ్మ వేశారు.
ఎవరో ఎవరికీ వెయ్యకుండా
అమ్మ ఆపరేషను ఇంకెప్పుడని రాశారు.
ఆ కాగితాన్ని నలుగురు పెద్దమనుషులు
అటూ ఇటూ తిప్పి చూసి
చెల్లదన్నారు.
నాది ఏ కట్టలో పోయిందో.
నల్ల గుర్తులన్నీ ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నాయి.

రెండుంబావుకి తేలింది.
వలి చెప్పినవాడే నెగ్గాడు,
రెండువందల పన్నెండు ఓట్ల తేడా.
సంతోషమే, కాదనను.
నేను ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకుంటే
రెండువందల పదకొండుతో నెగ్గేవాడు.
కుంభకర్ణుడి పళ్ళెంలో నాదొక మెతుకు.
చిట్టచివరి వరసలో: టాస్కర్, అరవై ఒకటి.
అక్కడైతే
నా మెతుకు కంటికి కనబడేది.

ఆయన స్వెట్టరు మోచేతి దగ్గర చిరిగింది.
గోడవారగా నిలబడి వేళ్ళు ముడుస్తున్నాడు:
ఫిలిస్, ఫిలిస్ చెల్లెలు,
చిప్స్ కొట్టు మొగుడూ పెళ్ళాలు,
పాత బస్సు డ్రైవరు...
నన్ను చూసి మొహం విప్పారింది.
"కిందటిసారి నలభై నాలుగే!
ఈసారి అరవై రెండు అనుకున్నా.
ఎవరికో జ్వరం వచ్చుంటుంది, పాపం."

నేను బల్ల మీది రబ్బరు బ్యాండ్లు ఏరుతున్నాను.
ఏరినవే మళ్ళీ ఏరుతున్నాను.

"ఈ వేళప్పుడు నీకు బస్సుండదు కదా,
పద, దింపేస్తా" అన్నాడు.
కారు ముందు సీట్లో మిగిలిపోయిన కరపత్రాల బొత్తి.
పక్కకి పెట్టడానికి చోటు లేదు.
ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను,
రెండున్నర మైళ్ళూ.